పాత మారుతి 800కి తుక్కు దుకాణం ఇంజిన్: ఇంట్లో మార్చుకోవడం అయ్యే పనేనా?

పోయిన ఎపిసోడ్‌లో మా నాన్నగారి మారుతి 800 ఇంజిన్ మార్చానని ఒక్క ముక్క చెప్పి వదిలేశాను. అప్పట్నుంచీ అందరూ అడుగుతున్నది ఒకటే. "బ్రో, పాత బండి నుంచి తీసిన ఇంజిన్ కొని ఇంట్లోనే బిగించుకోవడం నిజంగా అయ్యే పనేనా?" అని.

అవుతుంది. కాకపోతే మనం వీడియోల్లో చూసేది చైన్ బ్లాక్‌కి వేలాడుతున్న ఇంజిన్ కదా, కష్టమంతా అక్కడే ఉందనుకుంటాం. అక్కడ లేదు. ఎత్తి దించడం ఒక రోజు పని. అసలు పని దానికి ముందు ఉంది. మీరు కొంటున్న ఇంజిన్ లోపల ఎలా ఉంది, దాని కాగితం ఏంటి? ఈ రెండూ తేలకుండా పానా పట్టుకుంటే, పాత చెడిపోయిన ఇంజిన్ తీసి ఇంకో చెడిపోయిన ఇంజిన్ పెట్టినట్టే. అందుకే ఈరోజు ఎక్కువసేపు ఆ రెండిటి గురించే మాట్లాడతాను.

ముందు మా బండి సంగతి. 1998 మోడల్, కార్బొరేటర్ బండి. పోయిన వేసవిలో నాన్న ఒంగోలు నుంచి గుంటూరు వస్తుంటే చిలకలూరిపేట దాటాక రేడియేటర్ హోస్ పగిలింది. నీళ్ళన్నీ పోయాయి. ఇక్కడొక సంగతి చాలామందికి తెలియదు. నీళ్ళు పూర్తిగా పోతే టెంపరేచర్ ముల్లు ఒక్కోసారి పైకి లేవదు, ఎందుకంటే సెన్సర్ కొలిచేది నీళ్ళ వేడిని. నీళ్ళే లేకపోతే అది కొలిచేదేంటి? ముల్లు మామూలుగానే ఉంది, ఇంజిన్ మాత్రం పట్టేసింది. వేడికి పిస్టన్లు ఉబ్బి బోరుని గీకేశాయి, హెడ్డు వంగింది.

లేత్ వర్క్స్ ఆయన చూసి, ఈ బ్లాక్ ఇదివరకే రెండుసార్లు బోరింగ్ చేయించారు, ఇంక లైనర్లు వేయాల్సిందే అన్నాడు. లైనర్లు, పిస్టన్లు, హెడ్డు పని, అన్నీ కలిపితే బండి ఖరీదు దాటిపోతోంది. తుక్కు వాళ్ళు మొత్తం బండికి 20 వేలు ఇస్తామన్నారు. నాన్న "తీసేద్దాంలేరా, ఎన్నాళ్ళు ఉంచుతాం" అన్నారు. అన్న సాయంత్రమే బకెట్టు తీసుకెళ్ళి బండి కడుక్కున్నారు. ఆయనకిప్పుడు 68. ఇంట్లో నా కారు ఉంది, ఒక్కసారి కూడా స్టీరింగ్ ముట్టుకోలేదు. ఈ బండి పోతే ఆయన డ్రైవింగ్ మానేస్తారని అమ్మకీ తెలుసు, నాకూ తెలుసు. లెక్క ప్రకారం అమ్మేయాలి. అయినా అమ్మలేదు.

సరే, ఏ ఇంజిన్ పెట్టాలి? "కే10 ఇంజిన్ పెట్టేయండి బ్రో, రాకెట్ అవుద్ది" అని సలహాలు వచ్చాయి. 800 ఇంజిన్ పవర్ 37 బీహెచ్‌పీ దగ్గర. ఆల్టో కే10 ఇంజిన్ 67. దాదాపు రెట్టింపు. ఈ బండి బరువు సుమారు 650 కిలోలు, చక్రాలు 12 అంగుళాలు, బ్రేకులు ఆ 37కి తగ్గట్టు చేసినవి. స్పీడ్ ఎక్కుతుంది, ఆగేది ఎలా? ఫ్రంట్ ఎండ్ కోడ్ మార్చకుండా సర్వర్ మీద పది రెట్లు లోడ్ పెట్టినట్టు కాదిది, ఇక్కడ క్రాష్ అయితే లోపల మనిషి ఉంటాడు.

చట్టం కూడా ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణలో 182ఏ వచ్చింది. అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5 వేలు జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. కానీ అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ అయితే దారి ఉంది. ముందు ఆర్టీఏకి అప్లై చేసి అనుమతి తీసుకుని, మార్చాక కొత్త ఇంజిన్ నంబరు ఆర్సీలో ఎక్కించుకోవాలి. ముందు అనుమతి, తర్వాత పానా. ఈ వరస గుర్తుంచుకోండి.

800 విషయంలో మన అదృష్టం ఏంటంటే, 1983 డిసెంబర్ 14న మొదటి బండి తాళాలు ఇచ్చిన రోజు నుంచి 2014 జనవరిలో తయారీ ఆగేదాకా ఇంజిన్ సైజు మారలేదు. మూడు సిలిండర్లు, 796 సీసీ. 25 లక్షలకు పైగా బండ్లు అమ్ముడయ్యాయి. అందుకే పాత ఇంజిన్లకి కొరత లేదు. అలాగని అన్నీ ఒకటే కాదు. 2000 ప్రాంతం నుంచి ఎంపీఎఫ్‌ఐ వచ్చింది, అంటే కార్బొరేటర్ పోయి ఇంజెక్టర్లు, ఈసీఎం, ఒత్తిడితో పెట్రోల్ పంపే పంపు వచ్చాయి. అలాంటి ఇంజిన్ కార్బొరేటర్ బండిలో పెట్టాలంటే వైరింగ్ మొత్తం మార్చాలి. ఇంకోటి, ఓమ్నీ ఇంజిన్ కూడా 796 సీసీయే కదా అని అంటగడతారు. ఓమ్నీలో ఇంజిన్ సీట్ల కింద పొడవునా కూర్చుని వెనక చక్రాలు తిప్పుతుంది. 800లో బానెట్ కింద అడ్డంగా కూర్చుని ముందు చక్రాలు తిప్పుతుంది. కూర్చునే తీరు వేరు కాబట్టి సంప్, మౌంటింగులు, మ్యానిఫోల్డ్ తేడా వస్తాయి. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, లైబ్రరీ పేరు అదే, వెర్షన్ వేరు. కార్బొరేటర్ 800కి కార్బొరేటర్ 800 ఇంజినే చూసుకోండి.

ఇప్పుడు విజయవాడ ఆటోనగర్‌కి వద్దాం. అక్కడ దొరకని పార్ట్ ఉండదు, అది నిజం. కానీ పాత ఇంజిన్ కొనడం అంటే చరిత్ర లేని వస్తువు కొనడం. "గ్యారంటీ సార్, నిన్నే నడిచిన బండి" అనే మాట ప్రతి షాపులోనూ వింటారు. మాట వినండి, ఇంజిన్‌ని మాత్రం చూసుకోండి.

నేను చూసిన మొదటి ఇంజిన్ పైకి తళతళలాడుతోంది. డీజిల్ పెట్టి కడిగారు. కడిగిన ఇంజిన్ అంటే నాకు ముందే అనుమానం, ఎందుకంటే ఎక్కడ లీకవుతోందో చెప్పేది ఆ మురికే. డైనమో రెక్కల మధ్య, బోల్టు రంధ్రాల్లో, గేర్‌బాక్స్ కలిసే చోట లోపల టార్చి వేసి చూస్తే సన్నటి ఎండిన ఒండ్రు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఎన్ని బండ్లు మునిగాయో మనం చూశాం. అలా మునిగిన బండి ఇంజిన్ ఎప్పుడో ఒకప్పుడు ఏదో షాపులోకి వస్తుంది కదా.

మునిగిన ఇంజిన్‌తో భయం తుప్పు ఒక్కటే కాదు. నీళ్ళలో ఉన్న బండిని ఎవరైనా స్టార్ట్ చేసి ఉంటే, నీళ్ళు సిలిండర్‌లోకి పోతాయి. గాలిని నొక్కొచ్చు, నీళ్ళని నొక్కలేం. పిస్టన్ పైకి వచ్చి నీళ్ళకి కొట్టుకుంటే మధ్యలో ఉన్న కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. వంగిన రాడ్‌తో ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, కొన్నాళ్ళు నడుస్తుంది కూడా. తర్వాత ఒకరోజు రాడ్ విరిగి బ్లాక్ పగలగొట్టుకుని బయటికొస్తుంది.

దీన్ని ఇంజిన్ విప్పకుండా పట్టుకునే ఉపాయం ఒకటుంది. మూడు ప్లగ్గులూ తీసేయండి. ఒక పొడవాటి, విరగని వెదురు పుల్ల తీసుకోండి. ఒక్కో రంధ్రంలో పిస్టన్ మీద ఆనేలా పెట్టి, చెయ్యి వదలకుండా, ఇంకొకరి చేత క్రాంక్ పుల్లీ బోల్టుకి పానా వేసి నెమ్మదిగా తిప్పించండి. పుల్ల పైకి లేచి, ఒకచోట ఆగి, మళ్ళీ దిగుతుంది. ఆగిన చోట గీత పెట్టండి. మూడు సిలిండర్లకీ గీత ఒకే ఎత్తులో ఉండాలి. ఒక దాంట్లో మిల్లీమీటరో రెండో తక్కువ వస్తే ఆ రాడ్ వంగి ఉండొచ్చు. ఇంక బేరం ఆడొద్దు, వచ్చేయండి. మొదటి ఇంజిన్‌లో మూడో సిలిండర్ గీత స్పష్టంగా కిందకి ఉంది. షాపాయన పుల్ల చూసి నవ్వాడు, గీతలు చూశాక మాత్రం ఇంకో ఇంజిన్ చూపించాడు.

రెండోది నిమిషంలో తేలిపోయింది. ఆయిల్ పోసే మూత తీస్తే అడుగున కాఫీ నురగలాంటిది పేరుకుని ఉంది. ఆయిల్‌లో నీళ్ళు కలిశాయన్నమాట. చలికాలంలో తక్కువ దూరాలు తిరిగే బండికి మూత కింద కాస్త తెల్లటి తేమ పట్టడం మామూలే, అందుకని డిప్‌స్టిక్ కూడా చూడాలి. ఇక్కడ రెండూ కాఫీయే. హెడ్ గాస్కెట్ పోయి ఉండొచ్చు, హెడ్డు చిట్లి ఉండొచ్చు. ఏదైనా మనకొద్దు.

మూడోది వెనక నుంచి లారీ గుద్దిన 800. బండి వెనక సగం లేదు, ముందు భాగం అలాగే ఉంది. పాత ఇంజిన్‌కి ఇంతకంటే మంచి సంబంధం దొరకదు. నడుస్తూ ఉండగానే ఆగిపోయింది, అదీ ఇంజిన్ తప్పు కాకుండా.

దానికి కంప్రెషన్ టెస్ట్ పెట్టాను. గేజ్ ఖరీదు పెద్దగా ఉండదు, కొనుక్కోండి, లేదా మీ మెకానిక్ దగ్గర అడిగి తెచ్చుకోండి. గేర్‌బాక్స్‌తో కలిపి ఉన్న ఇంజిన్ అయితేనే ఈ టెస్ట్ సులువు, ఎందుకంటే సెల్ఫ్ మోటర్ బిగించేది అక్కడే. బ్యాటరీ పెట్టి, ప్లగ్గులన్నీ తీసి, కాయిల్ వైరు పీకేసి, కార్బొరేటర్ థ్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టుకుని ఐదారు సెకన్లు సెల్ఫ్ కొట్టాలి. నాకు 150, 155, 150 పీఎస్‌ఐ వచ్చాయి. ఇలాంటి పెట్రోల్ ఇంజిన్‌కి 150 అంటే బాగుందనే. దానికన్నా ముఖ్యం మూడూ దగ్గర దగ్గరగా ఉండటం. రెండు 160, ఒకటి 110 ఉంటే సగటు తీసి సంబరపడకండి. ఆ 110 సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడండి. పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులు సరిగ్గా కూర్చోవట్లేదు. రింగులంటే మొత్తం విప్పాలి, వాల్వులంటే హెడ్డు ఒక్కటే విప్పితే చాలు. ఆ తేడాతో ధర మాట్లాడుకోవచ్చు.

చివరగా సంప్ బోల్టులు తీయనిస్తారా అని అడిగాను. "ఎవరూ అడగరు సార్ ఇలా" అన్నాడు గానీ తీయనిచ్చాడు. సంప్ అడుగున వేలు పెట్టి తీస్తే నల్లటి ఆయిల్ వచ్చింది, మెరుపులు లేవు. వెండి పొడిలా, రాగి పొడిలా మెరుస్తుంటే బేరింగులు అరిగిపోతున్నట్టు. గేర్‌బాక్స్‌తో కలిపి 14 వేలకి తెగింది.

డబ్బులిచ్చే ముందు కాగితాలు. ఇంజిన్ నంబరు, తీసిన బండి ఛాసిస్ నంబరు రాసి ఉన్న బిల్లు, ఆ బండి ఆర్సీ కాపీ, అమ్మేవాళ్ళ గుర్తింపు కార్డు కాపీ తీసుకోండి. తర్వాత ఎన్‌సీఆర్‌బీ వాళ్ళ వెబ్‌సైట్‌లో దొంగతనం బండ్ల వివరాలు చూసుకునే సదుపాయం ఉంది, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు కొట్టి చూడండి. దొంగ సొత్తు అని తెలిసి కొన్నా, అనుమానించాల్సినంత కారణం ఉండి కొన్నా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 మీ మీదకి వస్తుంది. బిల్లు లేకుండా సగం ధరకి వచ్చే ఇంజిన్ అనుమానించాల్సిన కారణం కాక ఇంకేంటి? ఇంకొంతమంది "ఆర్టీఏ ఎందుకు సార్, పాత నంబరే దీని మీద కొట్టించేద్దాం" అంటారు. నంబరు గీకడం, వేరే నంబరు కొట్టడం దొంగ బండ్ల వాళ్ళు చేసే పని. అలాంటి మాట వస్తే ఆ షాపులోనే కొనొద్దు.

ఇంజిన్ ఇంటికొచ్చాక నేరుగా బండిలో పెట్టొద్దు. నేల మీద ఉండగా చేతికందే పనులు, బండిలోకి వెళ్ళాక మళ్ళీ సగం విప్పితే గానీ అందవు. టైమింగ్ బెల్ట్ ఎంత బాగా కనిపించినా మార్చేయండి. దాని వయసు మనకు తెలియదు. వాటర్ పంపు, థర్మోస్టాట్, క్రాంక్ ముందు వెనక ఆయిల్ సీళ్ళు, క్లచ్ ప్లేటు, అన్ని రబ్బరు హోసులు కొత్తవి. ఈ కథ మొదలైందే ఒక హోస్ వల్ల అని మా అమ్మ రోజూ గుర్తుచేసింది కూడా. వీటన్నిటికీ ఇంకో 9 వేలు దాకా అయింది. అంటే "14 వేల ఇంజిన్" అనేది అబద్ధం. బడ్జెట్ వేసేటప్పుడు ఇంజిన్ ధరకి కనీసం సగం కలుపుకోండి.

ఇక తీయడం, పెట్టడం. ఇక్కడ నేను కచ్చితంగా ఉండేది ప్రాణాల విషయంలో. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కిందకి ఎవరూ దూరొద్దు. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. ఇటుకలు అస్సలు వద్దు, ఇటుక పగిలే ముందు చెప్పదు. జాక్ స్టాండులు పెట్టి, బండిని చేత్తో గట్టిగా ఊపి చూసి, అప్పుడు దూరండి. చైన్ బ్లాక్‌ని ఫ్యాన్ కొక్కేనికి తగిలించే ఆలోచన కూడా వద్దు. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపితే ఒక మనిషి బరువు దాటుతుంది, ఆ కొక్కెం ఫ్యాన్ కోసం పెట్టింది. నేను మూడు కాళ్ళ ఇనుప స్టాండు అద్దెకి తెచ్చాను.

పని వరస ఇలా సాగింది. బ్యాటరీ నెగటివ్ తీసేశాం. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు నీళ్ళు, ఆయిల్, గేర్ ఆయిల్ దించాం. పెట్రోల్ పైపు మూసి దూరంగా కట్టాం, ఆ రోజంతా షెడ్డులో అగ్గిపుల్ల గీయనివ్వలేదు. ప్రతి వైరుకీ, ప్రతి వ్యాక్యూమ్ పైపుకీ రెండు చివర్లా మాస్కింగ్ టేపు అంటించి ఒకే నంబరు రాశాను. ఫోటోలు వేరే. కార్బొరేటర్ చుట్టూ ఉండే సన్నటి పైపులు తీసేటప్పుడు అన్నీ గుర్తుంటాయి, వారం తర్వాత ఒక్కటీ గుర్తుండదు. సైలెన్సర్ పైపు బోల్టులకి ముందు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచాం. డ్రైవ్ షాఫ్టులు, గేర్ లింకులు, క్లచ్ కేబుల్, చివరికి మౌంటింగులు. పాత ఇంజిన్ గేర్‌బాక్స్‌తో సహా పైకి లేచింది. మా బావ చైన్ లాగుతుంటే నేను పక్కనుండి తిప్పాను. ఎవరి చెయ్యీ, కాలూ దాని కింద ఉండకూడదు, అంతే.

పెట్టేటప్పుడు ఒక్కచోట ఓపిక కావాలి. కొత్త క్లచ్ ప్లేటు వేశాం కాబట్టి గేర్‌బాక్స్ మళ్ళీ కలపాలి. ప్లేటు సరిగ్గా మధ్యలో లేకపోతే షాఫ్టు దూరదు. అలైన్‌మెంట్ కోసం డమ్మీ షాఫ్టు దొరుకుతుంది, అది పెట్టి బిగించండి. రెండూ ఒకదానికొకటి చేత్తోనే ఆనుకోవాలి. మధ్యలో సందు ఉండగా బోల్టులు బిగించి లాక్కోవాలని చూస్తే గేర్‌బాక్స్ మూత చిట్లుతుంది, అల్యూమినియం అది.

మొదటి స్టార్ట్‌కి తొందర వద్దు. ప్లగ్గులు లేకుండా, కాయిల్ వైరు తీసి, ఆయిల్ ప్రెషర్ లైటు ఆరేదాకా ఆగి ఆగి సెల్ఫ్ కొట్టాలి. నెలల తరబడి ఎండిన బేరింగులకి ముందు ఆయిల్ అందాలి. తర్వాత ప్లగ్గులు పెట్టి, వైర్లు 1-3-2 ఫైరింగ్ ఆర్డర్ ప్రకారం ఉన్నాయో లేదో చూసి స్టార్ట్ చేశాం. రెండోసారికి అందుకుంది. మొదట కాస్త పొగ వచ్చింది, సిలిండర్లో పోసిన ఆయిల్ కాలే పొగ, ఐదు నిమిషాల్లో పోయింది. రేడియేటర్ మూత తీసే ఉంచి గాలి బుడగలు పోనిచ్చి, నీళ్ళు నింపి, అప్పుడు మూత పెట్టాం. ఫ్యాను దానంతటది తిరగడం మొదలయ్యేదాకా ఇంజిన్ ఆపలేదు.

నాన్న అంతసేపూ వరండాలోనే కూర్చున్నారు, దగ్గరికి రాలేదు. ఫ్యాను తిరిగాక వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి, "శబ్దం మనదానిలా లేదురా" అన్నారు. నిజమే, మన పాతది అరిగిపోయిన శబ్దం. ఇది మూడు సిలిండర్లూ సమంగా కొట్టుకునే శబ్దం.

మర్నాడు బండి రోడ్డెక్కలేదు. ముందు ఎంవీఐ గారి తనిఖీ. బిల్లు, అనుమతి కాగితం, ఇంజిన్ నంబరు పెన్సిల్ ప్రింట్ పట్టుకుని వెళ్ళాలి. ఆయన బండి మీద నంబరు, కాగితం మీద నంబరు సరిచూసుకుంటారు. ఆర్సీలో కొత్త నంబరు ఎక్కాక ఇన్సూరెన్స్ వాళ్ళకి రాసి పాలసీలో కూడా మార్పించండి. ఇది వదిలేస్తే రేపు ఏదైనా జరిగినప్పుడు పాలసీలో ఒక నంబరు, బండిలో ఒక నంబరు ఉంటాయి, క్లెయిమ్ అక్కడే ఆగుతుంది. మాకు 2023లో చేయించిన రిజిస్ట్రేషన్ రెన్యువల్ 2028 దాకా ఉంది. అప్పుడు ఫిట్‌నెస్‌కి తీసుకెళ్ళినా ఇదే నంబరు చూస్తారు. పాత బ్లాక్‌ని మాత్రం ఆర్సీ చేతికొచ్చేదాకా తుక్కుకి వేయకండి, ఎవరైనా అడిగితే చూపించడానికి ఉండాలి.

ప్రస్తుతం బండి 500 కిలోమీటర్లు తిరిగింది, నిన్ననే ఆయిల్, ఫిల్టర్ మార్చాను. దించిన ఆయిల్‌ని తెల్ల గుడ్డలో వడకట్టి చూశాను, మెరుపులు లేవు. నాన్న పొద్దున్నే పాలకి కూడా కారేసుకుని వెళ్తున్నారు, పాల బూతు మా వీధి చివరే. వచ్చే ఎపిసోడ్‌లో ఆ పాత హెడ్డు విప్పి, వేడికి ఎంత వంగిందో గాజు పలక మీద పెట్టి చూపిస్తాను. ఉంటానండీ.